సీసాలో నిప్పు గింజలు
(తొమ్మిదవ భాగం)

పోయిన వారం జనార్దన్‌ని గ్యారేజీ తలుపు బయట నిలబెట్టి వదిలేశాం. లోపలినుంచి గలగలమని ఏదో పోస్తున్న చప్పుడు. తలుపు పిడి మీద వేసిన చెయ్యి వేసినట్టే బిగుసుకుపోయింది. ఆ చప్పుడు దేనిదో అతనికి తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండునో అనిపించింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. జనార్దన్ హామిల్టన్‌లో పాలు పితికే మిషన్లు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ కాగితం చేత్తో పట్టుకున్న మొదటి మనిషి. భార్య కుసుమ అక్కడి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. ఈ శనివారం పొద్దున్నే గంటన్నర దూరాన ఉన్న ఫ్లాట్ బుష్‌లో స్నేహితురాలు నిరుపమ సీమంతమని కారు తీసుకుని వెళ్ళింది. ఇంట్లో ఉన్నది జనార్దన్ అత్తగారు రాజేశ్వరమ్మ ఒక్కరే. తెనాలినుంచి ఆరు నెలల వీసా మీద వచ్చి ఏడు వారాలైంది. కారులో గంటన్నర కూర్చుంటే కడుపులో తిప్పుతుందని కూతురితో వెళ్ళలేదు.

ఇక జనార్దన్ సరదా సంగతి. పాతకాలపు రైఫిళ్ళ క్లబ్బులో అతను సభ్యుడు. నూట పాతికేళ్ళ నాటి రైఫిల్ ఒకటి ఉంది. లైసెన్సు ఉంది, రైఫిల్ ఇనప బీరువాలో తాళం కింద ఉంటుంది. దానికి సరిపడే తూటాలు కొట్లో దొరకవు. ఖాళీ ఇత్తడి గొట్టంలో నల్లటి తుపాకిమందు పోసి, పైన సీసపు గుండు దిగ్గొట్టి, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ కూర్చోబెట్టి ఎవరి తూటాలు వాళ్ళు చేసుకోవలసిందే. పోయిన ఆదివారం అలా చేసుకున్న తూటా ఒకటి మోసం చేసింది. ట్రిగ్గర్ నొక్కాడు, టిక్కుమంది, పేలలేదు. రెండు లెక్కపెట్టేంత సేపు ఊరుకుని, ఆ తర్వాత భుజం మీద గాడిదలా తన్నింది. క్లబ్బులో పెద్దాయన మాల్కమ్ మొహం పాలిపోయింది. "నిప్పులో తేడా ఉంది. నీ ప్రైమర్లు మళ్ళీ చూసుకో" అన్నాడు. వారమంతా ఆవుల ఈతల కాలం, ఏ పొలంలో మిషను ఆగినా పరుగెత్తాలి, తీరిక చిక్కలేదు. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు కాకుండానే ఇల్లు చేరి, ఆ ప్రైమర్లు చూసుకుందామని గ్యారేజీ దగ్గరికి వచ్చాడు.

ఒక్క సంగతి మిగిలింది. అత్తగారికి తుపాకి గురించి తెలియదు. "మా అమ్మకి బీపీ. ఇంట్లో తుపాకి ఉందంటే ఆ రోజునుంచి కన్ను మూయదు. తెనాలి మొత్తానికి ఫోన్లు చేస్తుంది" అని కుసుమ గట్టిగా చెప్పింది. జనార్దన్ సరేనన్నాడు. ఆవిడ వచ్చిన మర్నాడే గ్యారేజీలో చెక్క అలమార చూపించి, "ఇవన్నీ మిషన్ల స్పేర్ పార్టులత్తయ్యగారూ" అన్నాడు. ఆ మాట అనడానికి నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది.

అలమారకి తాళం వేసే అలవాటు ఉంది అతనికి. పోయిన ఆదివారం కంగారుగా ఇంటికొచ్చి తాళం వేశాడో లేదో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు.

తలుపు తోశాడు.

గ్యారేజీ మధ్యలో చిన్న స్టూలు మీద రాజేశ్వరమ్మ కూర్చుని ఉంది. సిల్కులాంటి సింథటిక్ చీర, పైన కుసుమ కొనిచ్చిన ఉన్ని స్వెట్టరు, చెవులకి మఫ్లరు. ముందు పరిచిన న్యూస్‌పేపరు మీద ఖాళీ అట్టపెట్టెలు చదును చేసి పురికొసతో కట్టి ఉన్నాయి. పక్కన బుల్లి ప్లాస్టిక్ తట్టలు, ఒక్కొక్క ప్రైమర్‌కి ఒక్కొక్క గుంట ఉండే తట్టలు, బొమ్మరింటి పళ్ళాల్లా దొంతర పెట్టి ఉన్నాయి. అన్నీ ఖాళీ. ఆవిడ చేతిలో జాము సీసా ఉంది. సీసా మెడ దాకా పసుపుపచ్చగా, తెల్లగా మెరుస్తూ నిండి ఉంది.

"వచ్చారా! ఇంకో అరగంట ఆగి వస్తే మొత్తం సర్దేసి చూపిద్దును" అంది నవ్వుతూ. పది రోజుల తర్వాత ఆవిడ అతనితో నవ్వుతూ మాట్లాడటం ఇదే. "మీ అలమారంతా చెమ్మండీ. అట్టలన్నీ మెత్తబడి బూజు పట్టాయి. ఈ దేశంలో చలికాలం అంటే గోడలు కూడా ఏడుస్తాయి. అందుకని తీసేసి సీసాలో పోస్తున్నా. చూడండి, ముప్పై పెట్టెల చోటు కలిసొచ్చింది."

చూడమని సీసాని ఎత్తి ఊపింది.

గలగల.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో జనార్దన్‌కి మొదట తట్టింది ఆవిడ ప్రాణం కాదు. ఆరు నెలల కష్టం. దాన్ని తలుచుకుని తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాడు.

ఐదు రకాల ప్రైమర్లు తెప్పించాడతను. ప్రైమర్ అంటే శనగగింజంత ఇత్తడి మూకుడు, లోపల చిటికెడు మందు. దీపావళికి పిల్లలు పేల్చే రీలు టపాకాయలో మందు చుక్క ఉంటుందే, దానికి అన్నలాంటిది. రైఫిల్ సూది వెనకనుంచి పొడిస్తే ఇది పేలుతుంది, ఆ మంట లోపలి తుపాకిమందుకి తగులుతుంది. మంట మరీ జోరుగా తగిలితే మందు సమంగా కాలకముందే గుండు కదిలిపోయి గురి చెదురుతుంది. మరీ మెత్తగా తగిలితే తూటా ఆలోచించుకుంటూ కూర్చుంటుంది, ఆదివారం కూర్చున్నట్టు. అందుకని రైఫిల్‌వి రెండు రకాలు, ఇంకా ఘాటైనది ఒకటి, పిస్టల్‌వి రెండు రకాలు పెట్టుకుని, రకానికి పది తూటాల చొప్పున పేల్చి, గురి కాగితాలన్నీ నోట్‌బుక్కులో అంటించుకున్నాడు. పిస్టల్ ప్రైమర్ వెడల్పు రైఫిల్ దానంతే ఉంటుంది, ఎత్తు వెంట్రుకవాసి తక్కువ. విడివిడి పెట్టెల్లో ఉన్నంతసేపే ఏది ఏదో తెలిసేది. ఇప్పుడు అన్నీ ఒక్కటిగా కలిసిపోయి మెరుస్తున్నాయి.

రెండో ఆలోచన వచ్చేసరికి మొదటిది మాయమైపోయింది.

క్లబ్బులో చేరిన కొత్తలో మాల్కమ్ చెప్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది. ప్రైమర్లని వాటి తట్టల్లోంచి ఎప్పుడూ తీసి పెట్టకు. తట్టలో ఒకటి పేలితే ఒకటే పోతుంది. విడిగా పోసిపెట్టావా, ఒకటి పేలితే పక్కదాన్ని పేలుస్తుంది, అది దాని పక్కదాన్ని. సీసాలో పోశావంటే నువ్వు చేతిలో పట్టుకున్నది గ్రెనేడు. అలా పోసుకున్న ఒకతని గురించి చెప్పి, ఎడమ చేతి మణికట్టు దగ్గర గీత గీసి చూపించాడు. అక్కడితో ఆపాడు.

"అత్తయ్యగారూ" అన్నాడు. "ఆ సీసా కింద పెట్టేయండి."

"పెడతా ఉండండి, మూత సరిగ్గా పడి చావట్లేదు. మరలో ఒకటి ఇరుక్కుంది." సీసాని ఒళ్ళో పెట్టుకుని మూత మీద అరచెయ్యి ఆనించింది. "కాస్త బలంగా తిప్పితే అదే చితికి ఊరుకుంటుంది."

జనార్దన్‌కి ఆ మూత అంచు కనిపిస్తోంది. రేకుకీ గాజుకీ మధ్య ఒక బుల్లి మూకుడు పక్కకి ఒరిగి ఉంది. మూత ఒకవైపు లేచి ఉంది. ఆవిడ వేళ్ళు దాని చుట్టూ బిగుసుకున్నాయి.

"తిప్పకండి!"

ఆవిడ చెయ్యి ఆగింది. మొహంలో నవ్వు కూడా ఆగింది.

పది రోజుల కిందట ఆవిడ వాకిట్లో కాంక్రీటు మీద పైపుతో నీళ్ళు కొట్టి కడుగుతుంటే, "ఇక్కడ అలా చెయ్యకూడదత్తయ్యగారూ, పక్కవాళ్ళు ఏమన్నా అనుకుంటారు" అన్నాడు జనార్దన్. అంతే. ఆవిడ ఏమీ అనలేదు. పైపు చుట్టి పెట్టేసింది. ఆ రోజునుంచి అతను వచ్చేసరికి తన గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఈ అలమార సర్దడం వెనకాల మళ్ళీ కలిసిపోదామన్న ఆశ ఉందని ఇప్పుడు తెలుస్తోంది అతనికి.

"ఇదీ చెయ్యకూడదా?" అంది. "ఏం చేసినా వంకేనాండీ? నీళ్ళు పొయ్యకూడదు, గిన్నె చప్పుడవకూడదు, ఇప్పుడు మూత తిప్పకూడదు. నన్నెందుకు పిలిపించుకున్నారు, షోకేసులో పెట్టుకోడానికా?"

"అది కాదు... అవి చాలా ఖరీదైనవి."

"అయితే ఇంకా గట్టిగా బిగించాలిగా!"

మళ్ళీ చెయ్యి మూత మీదికి వెళ్ళింది.

"కాదు కాదు. వాటికి... నూనె రాసి ఉంటుంది. చేతికి అంటుకుంటే మంచిది కాదు."

"పోతే కడుక్కుంటాను. అంతదానికేనా ఈ గోల?" అంటూ ఆవిడ సీసాని స్వెట్టరు చేతికేసి తుడిచింది. ఒకసారి, రెండుసార్లు, శుభ్రంగా. ఉన్ని స్వెట్టరు, కింద సింథటిక్ చీర. మొన్నే ఆవిడ కారు తలుపు ముట్టుకుని చురుక్కుమందని చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఈ దేశంలో తలుపులు కూడా కరుస్తాయే అమ్మాయ్" అని కూతురితో చెప్పుకుని నవ్వింది కూడా. ఆ నిప్పురవ్వ ఇప్పుడు ఎక్కడ కాచుకుని కూర్చుందో!

జనార్దన్ చెప్పిన ప్రతి అబద్ధం ఆ సీసాని ఇంకాస్త ప్రమాదంలోకి తోస్తోంది. అది తెలుస్తూనే ఉంది. అయినా నిజం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. బాంబు అనే మాట వింటే ఆవిడ ఏం చేస్తుంది? ఎవరైనా ఏం చేస్తారు? వదిలేస్తారు. కింద సిమెంటు నేల.

రెండడుగులు ముందుకి వేశాడు. ఏడడుగుల దూరం ఉంది ఇంకా.

"సరే, మీ తృప్తి" అంది రాజేశ్వరమ్మ. "మరీ నిండుగా పోశాను, అదీ తప్పు. నేలకేసి రెండు దెబ్బలు వేస్తే సర్దుకుంటాయి. అప్పుడు మూత దానంతటదే పడుతుంది."

పంచదార డబ్బాకి వేసినట్టు, పిండి డబ్బాకి వేసినట్టు, నలభై ఏళ్ళుగా ఏ ఆలోచనా లేకుండా చేసిన పని. ఆవిడ సీసాని మోకాలంత ఎత్తుకి లేపింది.

"వద్దు!"

అరుపు గ్యారేజీ రేకు తలుపుకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఆవిడ ఉలిక్కిపడింది. సీసా చేతిలో ఎగిరింది. ఎగిరి, మళ్ళీ ఆ చేతుల్లోనే పడింది. లేచి ఉన్న మూత సందులోంచి ఒకే ఒక్క ప్రైమర్ జారి, నేలమీద టిక్కుమని పడి, దొర్లుకుంటూ పోయి, జనార్దన్ బూటు దగ్గర ఆగింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

ఏమీ కాలేదు.

జనార్దన్ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆవిడ కళ్ళకి తన కళ్ళు సమానంగా వచ్చేలా. రెండు చేతులూ తెరిచి కనబడేలా పెట్టాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదనిపించింది.

"అత్తయ్యగారూ, నేను మీకు అబద్ధం చెప్పాను. మీరొచ్చిన మర్నాడే చెప్పాను. అవి స్పేర్ పార్టులు కావు. నాకు ఒక తుపాకి ఉంది. లైసెన్సు తుపాకే, క్లబ్బులో గురి చూసి కొట్టడానికి. ఇవి దాని తూటాల్లో పెట్టే మందు బిళ్ళలు. ఒక్కటి నలిగితే పేలుతుంది. ఒకటి పేలితే సీసాలో అన్నీ పేలతాయి."

రాజేశ్వరమ్మ సీసా వంక చూసింది.

"నా చేతిలోనే?" అంది.

"మీ చేతిలోనే."

ఆవిడ వదిలేస్తుందనుకున్నాడు. పట్టుకోవడానికి శరీరమంతా ముందుకి వంగింది. కానీ జరిగింది వేరు. ఆవిడ భుజాలు దిగాయి. ఊపిరి నెమ్మదించింది. కోపంతో ఇందాకటినుంచీ అదురుతున్న ఆ వేళ్ళు, బొమ్మ వేళ్ళలా కదలకుండా నిలబడిపోయాయి.

"కదిలించకూడదా, వేడి తగలకూడదా?"

"రెండూ."

"మూత?"

"అటూ ఇటూ కూడా తిప్పకూడదు."

"ఊఁ" అంది. "ఇరవై ఎనిమిదేళ్ళు గర్ల్స్ హైస్కూల్ ల్యాబులో అటెండరుగా చేశాను నేను. గాఢ నత్రికామ్లం జాడీ పై అరలోంచి దింపాలంటే సైన్సు మేష్టార్లు నన్నే పిలిచేవారు. ఇది దానికంటే బరువా? వెళ్ళి మెత్తటిదేదైనా తీసుకురండి. పరుగెత్తకండి. మీ కాలికింద ఏమున్నాయో చూసుకుని నడవండి."

అతను చూసుకుని నడిచాడు. మూలనున్న డ్రయ్యర్ మీద ఉతికి మడిచిన రజాయి ఉంది. దాన్ని తెచ్చి, నాలుగు మడతలు వేసి, ఆవిడ పాదాల ముందు పరిచాడు. తన రెండు అరచేతులూ సీసా అడుగున, ఆవిడ చేతుల కింద పెట్టాడు. ఏడు వారాల్లో ఆవిడ చేతులు తగలడం అదే మొదటిసారి. చల్లగా ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి.

"నేను చెప్పినప్పుడు దింపండి" అంది. "ఊపిరి బిగబట్టకండి. బిగబడితే చెయ్యి వణుకుతుంది. ఆఁ. దింపండి."

అంగుళం, ఇంకో అంగుళం. లోపల మూకుళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతున్న చిన్న చప్పుడు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఆగారు. అది ఆగాక మళ్ళీ దింపారు. బయట రోడ్డు మీద ఎవరిదో కారు వెళ్ళింది. ఎవరో కుక్కని పిలిచారు. ప్రపంచంలో జనం శనివారం గడుపుకుంటున్నారు.

సీసా రజాయిలో దిగింది. జనార్దన్ చుట్టూ బట్ట ఎత్తి గూడులా చేశాడు. ఆవిడ అరచెయ్యి ఇంకా మూత మీదే ఉంది.

"తీసేస్తే లేస్తుందా ఇది?"

"లేవదనుకుంటా."

"అనుకుంటా ఏవిటండీ, ఇంజనీరేగా?"

ఆ స్థితిలో కూడా అతనికి నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు. ఆవిడ చిటికెనవేలు తీసింది. తర్వాత ఉంగరం వేలు. ఒక్కొక్క వేలుకీ మధ్య ఒక్కొక్క ఊపిరి. బొటనవేలు చివర తీసింది. మూత వంకరగా అలాగే ఉంది. ఇరుక్కున్న ఆ ఒక్క మూకుడు వాళ్ళని చూస్తున్నట్టు మెరిసింది.

నేలంతా ఆవిడ పోస్తున్నప్పుడు జారిపడ్డ ప్రైమర్లు. జనార్దన్ గుమ్మందాకా దారిలో ఉన్నవాటిని వేలికొసలతో ఒక్కొక్కటీ ఎత్తి గోడవారకి దూరం దూరంగా పెట్టాడు. పదకొండు. అప్పుడు ఆవిడ అతని భుజం పట్టుకుని లేచింది. ఇద్దరూ పెళ్ళి పీటల మీదనుంచి లేచినంత మెల్లగా అడుగులేసుకుంటూ బయటికొచ్చారు.

పొగమంచు విడిపోయి ఎండ కాస్తోంది. పచ్చిక తడిగా ఉంది. ఇద్దరూ కంచె దాకా నడిచారు. జనార్దన్ తడి గడ్డిలో కూలబడ్డాడు.

రాజేశ్వరమ్మ అతని ఎదుట నిలబడింది. మఫ్లరు తీసి చేతికి చుట్టుకుంది.

"ఎవరి ఆలోచన ఇది? నాకు చెప్పొద్దని?"

"ఇద్దరిదీ."

"దానిదే అయ్యుంటుంది. నువ్వు ఊఁ కొట్టి ఉంటావు." మీరు పోయి నువ్వు వచ్చింది. అతనికి అది తిట్టులా వినిపించలేదు. "అమ్మకి బీపీ, అమ్మ భయపడుతుంది. భయపడనీ! భయం వేసేదాన్ని చూసి భయపడితే చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది. గాజు సామాను అన్నీ నాచేత మోయించి, లోపలున్నది మంచినీళ్ళని చెబితే ఎప్పుడో కాలి చచ్చేదాన్ని. ప్రతి సీసా మీదా పేరు రాసి అంటించేవాళ్ళం మేం. పదో తరగతి పిల్లలకి తెలుసు. డిగ్రీ చదివినవాడివి, నీకు తెలియదా?"

"తెలుసు."

"ఆ పెట్టెల మీద ఇంగ్లీషులో ఏదో రాసే ఉంది. స్పేర్ పార్టులేగా అని కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు నేను."

జనార్దన్ తల వంచుకున్నాడు. జేబులోంచి మడత ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. "పోలీసులకి చెబుతాను. వాళ్ళ మనుషులొచ్చి తీసుకెళ్తారు. మనం లోపలికి వెళ్ళకూడదు."

"చెప్పు. లైసెన్సు పోతే పోయింది. వచ్చేవాళ్ళకి వంటింట్లోది కూడా చెప్పు మరి" అంది.

ఫోను మీద వేలు ఆగిపోయింది.

"వంటింట్లోదా?"

"అన్నీ ఆ సీసాలో ఎక్కడ పడతాయి? నిన్న సాయంత్రం పది పెట్టెలు స్టీలు డబ్బాలో పోశాను. నిండాక పైన కాగితం కూరి, మూత అరచేత్తో కొట్టి బిగించాను. నువ్వు రాగానే చూపిద్దామని గట్టు మీద పెట్టాను. నువ్వొచ్చేసరికి పడుకున్నాను."

అరచేత్తో కొట్టి. జనార్దన్ వంటింటి కిటికీ వైపు చూశాడు. తర్వాత లేచాడు. "ముట్టుకోవద్దు. ఎక్కడుందో చూసి, ఆ వైపు తలుపులు వేసొస్తాను. మీరిక్కడే ఉండండి."

"నీకు ఏ డబ్బానో ఎలా తెలుస్తుంది? అన్నీ ఒక్కలాంటివే, మా ఊళ్ళో ఒక్క కొట్లో కొన్న సెట్టు." అతను వద్దంటున్నా వెనకాలే వచ్చింది.

వంటింటి గట్టు మీద కిటికీ వెలుగులో డబ్బా ఒక్కటే ఉంది. మూత మీద చెక్కించిన పేరు ఎండకి మెరుస్తోంది. జనార్దన్ గుమ్మంలోనే ఆగాడు. రాజేశ్వరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా, మెల్లగా దాని మీదికి వంగింది. ఎందుకు వంగిందో అతనికి అర్థం కాలేదు. వాసన చూస్తోంది.

నిటారుగా లేచినప్పుడు ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. గ్యారేజీలో సీసా పట్టుకున్నప్పుడు కూడా అలా లేదు.

"నెయ్యి" అంది. "వేయించిన మినప్పిండి."

"అంటే?"

"సున్నుండలు. నిరుపమకి చేసినవి. వాళ్ళమ్మకి వీసా రాలేదని, కడుపుతో ఉన్న పిల్ల అని... పొద్దున్న కుసుమ టైమైపోయిందని హడావిడిగా గట్టు మీదనుంచి డబ్బా తీసుకుని సంచిలో పడేసుకుంది." ఆవిడ గట్టు అంచు పట్టుకుంది. "రెండు డబ్బాలుండాలి ఇక్కడ. పొద్దున్న రెండున్నాయి."

కుసుమ వెళ్ళి నాలుగు గంటలైంది. మోటర్‌వే మీద నూట పది కిలోమీటర్లు, వెనక సీట్లో ప్రైమర్ల డబ్బా. దారిలో ఏమీ కాలేదు, అయి ఉంటే ఈపాటికి తెలిసేది. అంటే అది ఇప్పుడు ఆ ఇంట్లో ఉంది.

కుసుమ నంబరు నొక్కాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఇక ఆగిపోతుందనగా ఎవరో ఎత్తారు. వెనకాల ఆడవాళ్ళ పాట, గాజుల చప్పుడు, నవ్వులు.

"హలో, అన్నయ్యగారూ! నేను శరణ్యని, నిరుపమ ఆడపడుచుని. కుసుమక్క ఫోను నా దగ్గరుంది. అక్క పేరంటాళ్ళకి పసుపు రాస్తోంది, ఫుల్ బిజీ!"

"శరణ్యా, కుసుమ తెచ్చిన స్టీలు డబ్బా..."

"అయ్యో, దాని గురించే నవ్వుకుంటున్నాం! ఆంటీ మూత ఎంత గట్టిగా బిగించారో, ఎవరికీ రావట్లేదు. మా వదిన నేనే తీస్తానని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గరిటెతో కొడుతోంది చూడండి. వినపడుతోందా?"

ఆ అమ్మాయి ఫోను అటు తిప్పినట్టుంది. పాట మధ్యలోంచి స్పష్టంగా వినపడింది. టంగ్. టంగ్.

జనార్దన్ నోరు తెరిచాడు. అరుపు గొంతుదాకా వచ్చింది. గ్యారేజీలో తను అరిస్తే సీసా ఎగిరిన సంగతి కళ్ళముందు నిలబడి ఆ అరుపుని అక్కడే పట్టేసింది. అరవకూడదు. అరవకుండా ఎలా చెప్పాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి? టంగ్.

ఫోను అతని చేతిలో లేదు. రాజేశ్వరమ్మ తీసుకుంది. ఆవిడ గొంతు పేరంటానికి పిలుస్తున్నంత తీరిగ్గా ఉంది.

"శరణ్యా, నేనమ్మా, కుసుమ వాళ్ళమ్మని. నువ్వు నవ్వుతూనే ఉండు తల్లీ, నవ్వుతూనే నేను చెప్పేది విను. మీ వదిన చేతిలో గరిటె ఉందే, దాన్ని..."

టంగ్.

అవతల పాట సగంలో తెగిపోయింది.